డన్‌లూస్ కోట వంటశాల నిజంగానే సముద్రంలో పడిపోయిందా?

సాగర్‌నగర్ ఇంజనీరు:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా సివిల్ ఇంజనీరుగా పనిచేసి, ప్రస్తుతం విశాఖలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. మా అమ్మాయి బెల్‌ఫాస్ట్‌లో చదువుకుంటున్నందున కిందటి వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడ మూడు వారాలు ఉండి వచ్చాము. ఆ సమయంలో ఆంట్రిమ్ తీరాన డన్‌లూస్ అనే శిథిల కోటను చూశాము. తిరిగి వచ్చి చాలా నెలలైనా ఆ కట్టడం గురించిన సందేహాలు నన్ను వదలలేదు. చరిత్రా నిర్మాణమూ తెలిసినవారు ఇక్కడ ఉన్నారని విని రాస్తున్నాను.

చూడనివారి కోసం కొంత వర్ణిస్తాను. సముద్రంలోకి చొచ్చుకువెళ్లిన ఒక నల్లరాతి గుట్ట ఉంది. దాని పక్కలు నిట్టనిలువుగా, సుమారు 30 మీటర్ల లోతున నీళ్లలోకి దిగిపోతాయి. ఒడ్డుకూ ఆ గుట్టకూ మధ్య లోతైన చీలిక ఉంది, దానిమీది వంతెన దాటితే తప్ప కోటలో అడుగు పెట్టలేము. గుట్ట మీద ఎంత చోటు దొరికిందో అంతా గోడలతో నింపేశారు. కొన్ని గోడలు రాతి అంచునే మొదలై, కింది కొండ ఎక్కడ ఆగిందో పై కట్టుబడి ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయాయి. కప్పు ఎక్కడా లేదు. నేను గోడల మందం అడుగులతో కొలుచుకుంటూ తిరుగుతుంటే మా ఆవిడ మాత్రం ఒక పాత రాతి పొయ్యి దగ్గర ఆగిపోయి, దాని ముందు నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకుంది.

మమ్మల్ని తీసుకువెళ్లిన బస్సు డ్రైవరు చెప్పిన కథ ఇది. 1639లో ఒక తుపాను రాత్రి, విందు కోసం వంట జరుగుతుండగా వంటశాల మొత్తం విరిగి సముద్రంలో పడిపోయిందట. వంటవాళ్లందరూ చనిపోగా, ఒక మూల కూర్చున్న కుర్రవాడు ఒక్కడే బతికాడట. ఆ కోట దొరసాని ఇక అక్కడ ఒక్క రాత్రి కూడా ఉండనని వెళ్లిపోయిందట.

నాకు ఈ కథ మింగుడుపడలేదు. కూలడం నాకు కొత్త కాదు. ఆర్కే బీచ్ దగ్గర నడకదారి పక్క గోడలు కెరటాల ధాటికి దిగిపోవడం ఎన్నోసార్లు చూశాను. అయితే అలా దిగే ముందు నెర్రెలు విచ్చుతాయి, గోడ ఒక పక్కకు ఒరుగుతుంది, మనిషికి తప్పుకునే వ్యవధి ఉంటుంది. ఒక గది మొత్తం, పొయ్యిలో నిప్పు ఉండగానే, ఒక మూల మాత్రం మిగిలేలా విడిపోవడం జరిగే పనేనా? జరగకపోతే ఆ కోట ఎందుకు పాడైంది? అసలు అంతటి ప్రమాదకరమైన చోట కట్టాలని ఎవరికి ఎందుకు తోచింది? దయచేసి వివరంగా చెప్పగలరు.

మహారాణిపేట మాష్టారు:

ఇంజనీరుగారూ, మంచి ప్రశ్న వేశారు. కోటల గురించి పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు ముందు అడిగేది ఇటువంటి కథ గురించే, అందువల్ల నేను దీన్ని తేలిగ్గా తీసుకోను.

ముందుగా ఒక విషయం. ఆంట్రిమ్ ఐర్లండు ద్వీపంలోనే ఉన్నా, 1921లో ద్వీపం రెండు పాలనల కింద విడిపోయినప్పటి నుంచి ఉత్తర ఐర్లండులో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగంగా ఉంది. డన్‌లూస్ కోటను 1928లో అక్కడి ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకున్నారు.

ఎవరికి ఎందుకు తోచిందన్నారు. ఆ ప్రశ్నను మనం ఒడ్డు మీద నిలబడి అడుగుతున్నాము, వాళ్లు ఓడ మీద నిలబడి ఆలోచించారు. ఆ తీరం నుంచి స్కాట్లండు ఎంత దూరమో చూడండి. ఆంట్రిమ్‌కూ కింటైర్ ద్వీపకల్పానికీ మధ్య సముద్రం మరీ ఇరుకైన చోట సుమారు 20 కిలోమీటర్లే, అంటే మన సాగర్‌నగర్ నుంచి భీమిలి దాటి కొంత దూరం వెళ్లినంత. ఆ రోజుల్లో అడవులూ బురదనేలలూ దాటుతూ నేల మీద ప్రయాణించడం కంటే పడవ ఎక్కడమే సులువు. కాబట్టి మనకు అంచుగా కనిపించేది వాళ్లకు నాలుగు రోడ్ల కూడలి. రెండు తీరాల మీదా బంధువర్గమూ భూములూ ఉన్న ప్రభువుకు ఆ కూడలిలో కోట ఉండడం కంటే కావలసింది ఏముంది? పైగా ఆ గుట్టకు అగడ్త తవ్వే ఖర్చు లేదు. చీలికే అగడ్త, వంతెన తీసేస్తే కోట ద్వీపమవుతుంది.

ఆ చోటి ప్రాధాన్యం పేరులోనే ఉంది. ఐరిష్ భాషలో డూన్ అన్నా కోటే, లిస్ అన్నా గోడ కట్టిన ఆవరణే. మనం ‘దుర్గంకోట’ అన్నట్లు రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి వేసుకున్నారు. ఇప్పటి గోడల కింద రాతిలో తొలిచిన పాత సొరంగం కూడా ఉంది, అంటే ఈ కోట కంటే ముందే మనుషులు ఆ గుట్టను ఆశ్రయించారు.

13వ శతాబ్దంలో అల్‌స్టర్ ప్రభువు రిచర్డ్ డి బర్గ్ ఇక్కడ కోట కట్టించాడని చెబుతారు గానీ, ఇప్పుడు కనిపించే గోడలలో చాలా భాగం అంత పాతవి కావు. రాతపూర్వకంగా కోట ప్రస్తావన 1513లో వస్తుంది. అప్పటికి అది మెక్విలన్ వంశం చేతిలో ఉంది. 16వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు దీవుల నుంచి వచ్చిన మెక్‌డొనెల్ వంశం వాళ్లను ఓడించి కోటను ఆక్రమించింది. ఆ వంశంలో ప్రసిద్ధుడు సోర్లీ బాయ్ మెక్‌డొనెల్. ఇందులో బాయ్ అంటే కుర్రవాడు కాదు, ఐరిష్‌లో పసుపుపచ్చ అని అర్థం. ‘పసుపు జుట్టు సోర్లీ’ అన్నమాట. 1584లో ఎలిజబెత్ రాణి ప్రతినిధి సర్ జాన్ పెరొట్ ఫిరంగులతో కోటను కొట్టి పట్టుకున్నాడు. కొద్దికాలానికే సోర్లీ దాన్ని తిరిగి సంపాదించాడు. లోపల ఉన్న తమ మనుషులు రాత్రివేళ బుట్టలలో సైనికులను కొండ మీదికి లాగారని జనం చెప్పుకుంటారు. 1586లో అతడు రాణికి లొంగి, తన భూములు నిలుపుకున్నాడు. అతని కుమారుడు రాండల్ 1620లో ఆంట్రిమ్ ఎర్ల్ అనే ప్రభు బిరుదు పొందాడు. మీరు చూసిన పెద్ద ఇంటి గోడలు ఆ వైభవకాలానివే.

ఇక వంటశాల సంగతి. మీ అనుమానం సరైనదే. 1639లో నిజంగా ఆ కొస సముద్రంలో పడిపోయి ఉంటే, ఆ తర్వాత వేసిన చిత్రాలలో అది ఉండకూడదు. అయితే 18వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా చిత్రకారులు గీసిన బొమ్మలలో కోట ఆ కొస నిలబడే కనిపిస్తుంది. సముద్రంలో పడిన మాట వాస్తవమైన గోడ ఒకటి ఉంది. అది నివాస భవనం ఉత్తర గోడ, పడింది 18వ శతాబ్దంలో ఎప్పుడో. అప్పటికి అక్కడ వండేవారూ లేరు, తినేవారూ లేరు.

కథ మాత్రం ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా నడుస్తుంది. కొందరు బతికినవాడు వంటకుర్రవాడంటారు, కొందరు కిటికీ దగ్గర కూర్చుని గిన్నెలకు మాట్లు వేస్తున్న వాడంటారు. దొరసాని పాత్ర మాత్రం కల్పితం కాదు. ఆమె కేథరిన్ మానర్స్, హత్యకు గురైన బకింగ్‌హామ్ డ్యూక్ భార్య. 1635లో ఆ ఎర్ల్ కుమారుడు, రెండవ రాండల్‌ను పెళ్లి చేసుకుంది. లండన్ రాజాస్థానంలో మెలగిన స్త్రీ ఆ హోరుగాలిలో కాపురం చేయడానికి ఇష్టపడి ఉండదని జనం అనుకోవడం సహజం. ఆ అయిష్టానికి ఒక కారణం కావలసివచ్చి వంటశాలను సముద్రంలో పడేశారేమోనని నా ఊహ, కేవలం ఊహే.

గానుగ సున్నం:

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. భీమిలిలోనూ పాతపట్నంలోనూ సున్నపు గోడలతో కుస్తీపట్టిన అనుభవంతో డన్‌లూస్‌ను నిర్మాణపరంగా చూడడానికి ప్రయత్నిస్తాను. మూడేళ్ల కిందట రెండు రోజులు అక్కడ గడిపాను.

మీరు దాన్ని ఒక కోటగా చూస్తే అర్థం కాదు. ఒకే గుట్ట మీద, చోటు చాలక ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కిన మూడు నాలుగు ఇళ్లుగా చూడాలి. తూర్పు వైపున ఉన్న రెండు గుండ్రటి బురుజులు అన్నిటికంటే పాతవి. ఒక్కొక్కటి అడ్డంగా సుమారు 9 మీటర్లు ఉంటుంది, మెక్విలన్‌ల కాలానివి. గుండ్రటి బురుజుకు మూల ఉండదు కాబట్టి గుండు తగిలినా రాయి ఊడి రావడం తక్కువ, లోపలివాడికి అన్ని వైపులా చూపు ఆనుతుంది. వాటిని కలుపుతూ ఒడ్డు వైపున దక్షిణపు గోడ ఉంది. దాడి వచ్చేది ఆ వైపు నుంచే, అందుకే ఫిరంగి కంతలు కూడా అక్కడే ఉన్నాయి. సముద్రం వైపు గోడలు అంత బలంగా ఉండనక్కరలేదు, ఆ వైపు కాపలా కొండదే.

సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి భాష మారుతుంది. మూలల్లో గోడ నుంచి బయటికి పొడుచుకువచ్చిన చిన్న బురుజులు, త్రికోణపు గోడ అంచున మెట్ల వంటి కట్టుబడి, ఇవన్నీ స్కాట్లండు పనివాళ్ల పద్ధతి. మాష్టారుగారు చెప్పిన రాకపోకలకు అంతకంటే సాక్ష్యం అక్కరలేదు, తాపీలు సముద్రం దాటి వచ్చారు.

నాకు అన్నిటికంటే వింతగా తోచింది లోపలి ముంగిట్లోని స్తంభాల వరుస. ఇసుకరాతి స్తంభాలతో, ఒక పక్క తెరిచి ఉన్న నడవా అది. ఇటలీలో ఎండ తప్పించుకోవడానికి కట్టుకునే లోజియాకు నకలు. మన ఊళ్లో అయితే అటువంటి వసారా కావాలని ప్రాణం కొట్టుకుంటుంది. సూర్యుడు కనబడడమే పండగైన ఉత్తర అట్లాంటిక్ తీరాన, అదీ ఉత్తరం ముఖంగా, దాన్ని ఎందుకు కట్టుకున్నట్టు? గొప్ప కోసమేనని నా అభిప్రాయం. యూరప్ రాజుల ఇళ్లలో ఏముందో మాకూ తెలుసునని అతిథికి చెప్పడం. తర్వాతి తరంలో ఇంగ్లండు ఫ్యాషన్ వచ్చి, ముందుకు పొడుచుకువచ్చిన పెద్ద కిటికీలతో మానర్ హౌస్, అంటే జమీందారు బంగళా వంటి ఇల్లు, కట్టుకున్నాక ఆ నడవాకు ప్రాధాన్యం పోయింది. ఇప్పుడు స్తంభాల అవశేషాలు మాత్రం మిగిలాయి. పెద్ద కిటికీ పెట్టారంటే ఫిరంగి భయం తగ్గిందని అర్థం. అతిథుల బసలూ గుర్రపుశాలలూ గుట్ట మీద పట్టక వంతెన ఇవతల, ఒడ్డు మీదే కట్టారు. కోట మెల్లగా సముద్రం నుంచి వెనక్కి, నేల వైపుకు జరిగింది. 1639 కథ లేకపోయినా ఆ జరుగుడు అప్పటికే మొదలైంది.

కట్టుబడి రాయి ఆ గుట్టదే, నల్లటి బసాల్ట్. అది గట్టిదే గాని చెక్కడానికి లొంగదు, ఉలి పెడితే అడ్డదిడ్డంగా పగులుతుంది. అందుకని గోడంతా పగలగొట్టిన బండలతో పేర్చి, మూలలకూ గుమ్మాలకూ కిటికీల చుట్టూ మాత్రం మెత్తటి ఇసుకరాయి తెచ్చి వాడారు. ఆ మెత్తటి రాయే తర్వాతివాళ్లకు ఆశ పుట్టించింది. చెక్కి సిద్ధంగా ఉన్న రాయిని ఎవరు వదులుకుంటారు? అవి పీకేసిన చోట గోడ పెదవి చిట్లినట్లు కనిపిస్తుంది.

పోలిక కోసం అదే తీరానికి దక్షిణాన ఉన్న కారిక్‌ఫెర్గస్ కోటను చూడమంటాను. 1177లో జాన్ డి కోర్సీ మొదలుపెట్టిన ఆ కోట కూడా సముద్రంలోకి చొచ్చుకువెళ్లిన రాతి మీదే ఉంది. నాలుగు అంతస్తుల ప్రధాన బురుజు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది ఎనిమిది శతాబ్దాలు నిలిచి, మూడు నాలుగు వందల ఏళ్ల డన్‌లూస్ ఎందుకు కూలిందంటే, కారిక్‌ఫెర్గస్ 1928 వరకూ సైన్యం చేతిలో ఉంది. ఎప్పుడూ ఎవరో ఒకరు కప్పు వేస్తూనే ఉన్నారు. డన్‌లూస్‌లో కప్పు తీసేశారు. మరమ్మతు చేసేవాడిగా చెబుతున్నాను, సున్నపు గోడకు సముద్రం కంటే పెద్ద శత్రువు వాన. గోడ తల మూసి ఉన్నంతకాలం లోపలి సున్నం రాయిలా ఉంటుంది. తల తెరుచుకుంటే నీరు గోడ నడిమిలోకి దిగి, సున్నాన్ని కడిగి, పదేళ్లలో లోపల పిండి మాత్రమే మిగులుస్తుంది. మన పాతపట్నంలో ఎన్ని మేడలు ఇలా పోయాయో మీరు చూడనివి కావు.

రాతి మనిషి:

కింది రాయి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను కలగజేసుకుంటున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివిన రోజుల నుంచీ నాకు సముద్రపు కోత మీద ఆసక్తి.

ఆ తీరమంతా సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అట్లాంటిక్ విచ్చుకుంటున్న కాలంలో పొంగి పారి, చల్లారి బసాల్ట్‌గా గట్టిపడిన లావా. డన్‌లూస్‌కు తూర్పున కొద్ది కిలోమీటర్లలోనే జెయింట్స్ కాజ్‌వే ఉంది. అక్కడి సుమారు 40,000 స్తంభాలు అదే లావా చల్లారుతూ కుంచించుకుపోయి పగిలినవి. ఎండిన చెరువు అడుగున బురద ఎలా బీటలు వారుతుందో ఊహించుకోండి, ఆ బీటలే లోతుకంటా దిగితే స్తంభాలవుతాయి. బసాల్ట్‌కు బలహీనత రాతిలో లేదు, ఈ బీటలలో ఉంది. కెరటం గుద్దినప్పుడు బీటలోని గాలి నొక్కుకుపోయి, కెరటం వెనక్కి తగ్గగానే ఒక్కసారిగా విడుదలవుతుంది. రోజుకు వేల సార్లు, వందల ఏళ్లు ఇదే పని. చలికాలంలో బీటలోని నీరు గడ్డకట్టితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరిగి, మేకు కొట్టినట్లు రాతిని విడదీస్తుంది. చివరికి రాయి అరగదు, దిమ్మలు దిమ్మలుగా ఊడుతుంది. కోట కింద గుట్టను ఈ చివరి నుంచి ఆ చివరికి తొలిచిన మత్స్యకన్య గుహ అలా ఏర్పడినదే.

ఇంజనీరుగారి ప్రధాన సందేహానికి ఇందులో సమాధానం ఉంది. ఆర్కే బీచ్‌లో మీరు చూసేది ఇసుక కోత. మన ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు అడ్డుగోడలు దాన్ని ఆపడంతో బీచ్‌కు రావలసినది రాదు, తవ్వితీసిన ఇసుకను మళ్లీ పోయవలసి వస్తుంది. సముద్రం మన దగ్గర అప్పు తీసుకుని ఆలస్యంగానైనా కొంత తీర్చే మనిషి వంటిది, అందుకే గోడ మెల్లగా ఒరిగి హెచ్చరిస్తుంది. ఆంట్రిమ్‌లో పోయిన దిమ్మ తిరిగి రాదు, పోయేటప్పుడు చెప్పదు కూడా. అందువల్ల ఒక గది అంచు ఒక్క క్షణంలో విడిపోవడం భౌతికంగా అసాధ్యం కాదు. అది 1639లో జరగలేదని మాష్టారుగారు చెప్పిన చిత్రాల సాక్ష్యాన్ని బట్టి నమ్ముతాను గాని, జరగలేనిదని మాత్రం అనను.

మన కొండల రాయి ఖొండలైట్ ఇందుకు సరిగ్గా విరుద్ధం. పగులుగా కాక కుళ్లుగా పాడవుతుంది, ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. కైలాసగిరి రోడ్డు పక్క కోతలో చేత్తో గీకితే రాలేది అదే. బావికొండ, తొట్లకొండ బౌద్ధులు సముద్రం కనబడేలా కట్టుకుంటూనే, అంచున కాకుండా కొండ నెత్తిన ఎందుకు ఉన్నారో ఆ రాయిని ముట్టుకుంటే తెలుస్తుంది.

సాగర్‌నగర్ ఇంజనీరు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇసుక కోతకూ రాతి కోతకూ ఉన్న భేదం పుస్తకంలో చదివిందే అయినా, అక్కడ నిలబడినప్పుడు నాకు స్ఫురించనే లేదు. ఆర్కే బీచ్ కొలబద్దతో ఆంట్రిమ్‌ను కొలిచాను.

ఇంకొక్క సందేహం. సింహద్వారం దగ్గర ఉంచిన ఫిరంగులు స్పెయిన్ ఓడవని విన్నాను. ఇది కూడా వంటశాల వంటి కథేనా? వైభవం అంతగా ఉన్నప్పుడు కప్పు తీసేసే పరిస్థితి ఎందుకు వచ్చిందో కూడా మాష్టారుగారు చెబితే బాగుంటుంది.

మహారాణిపేట మాష్టారు:

ఫిరంగుల సంగతి కథ కాదండీ. 1588లో ఇంగ్లండు మీదికి వెళ్లి చెదిరిపోయిన స్పెయిన్ యుద్ధనౌకల దళం ఆర్మడాలో హిరోనా అనే పెద్ద ఓడ ఉండేది. తెరచాపలతోపాటు తెడ్లతో కూడా నడిచే రకం. అప్పటికే మునిగిన ఇతర ఓడల మనుషులను కూడా ఎక్కించుకుని సుమారు 1,300 మందితో స్కాట్లండు వైపు పోతూ, అక్టోబరు చివరలో జెయింట్స్ కాజ్‌వే దగ్గరి లకాడా మొన వద్ద రాళ్లకు కొట్టుకుంది. బతికినవాళ్లు పది మంది కూడా లేరు. వాళ్లకు సోర్లీ బాయ్ ఆశ్రయమిచ్చాడు. తీరానికి చేరిన ఫిరంగులు కోటకెక్కాయి, దొరికిన సామాను అమ్మగా వచ్చిన డబ్బు కోట బాగుకు పనికివచ్చింది. నాలుగేళ్ల కిందట పెరొట్ ఫిరంగులు చేసిన నష్టాన్ని స్పెయిన్ రాజు ఫిరంగులు పూడ్చాయి, చరిత్రకు ఇటువంటి హాస్యం అలవాటే. సముద్రం అడుగున మిగిలిన బంగారాన్ని 1967 నుంచి బెల్జియం గజ ఈతగాడు రాబర్ట్ స్టెనుయీ బృందం వెలికితీసింది. కెంపులు పొదిగిన చిన్న బంగారు బల్లి బొమ్మతో సహా అవి బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు తప్పక చూడండి.

ఇక పతనం. మొదటి రాండల్ 1608లో కోట పక్కనే ఒక పట్నం కట్టించాడు. స్కాట్లండు నుంచి వర్తకులనూ పనివాళ్లనూ రప్పించాడు. 1641లో ఐర్లండులో తిరుగుబాటు చెలరేగినప్పుడు ఆ పట్నాన్ని తగలబెట్టారు, కోట మాత్రం లొంగలేదు. మరుసటి ఏడాది స్కాట్లండు సేనాని రాబర్ట్ మన్రో వచ్చి రెండవ రాండల్‌ను ఆ కోటలోనే బంధించాడు. అప్పటి నుంచి కుటుంబం అక్కడ స్థిరంగా ఉన్నది తక్కువ. 1690లో బాయిన్ యుద్ధంలో వాళ్లు పక్షం వహించిన, ఇంగ్లండు సింహాసనం కోల్పోయిన రాజు రెండవ జేమ్స్ ఓడిపోవడంతో ఆర్థికంగా నడుము విరిగింది. చివరికి వంశం ఆంట్రిమ్ తీరంలోనే ఉన్న గ్లెనార్మ్‌కు మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది. వదిలేసిన ఇంటి దూలాలూ కప్పుపలకలూ రాళ్లూ చుట్టుపక్కల ఇళ్లకు చేరాయి. కాబట్టి ‘గానుగ సున్నం’గారు చెప్పినట్లే వాన వల్ల పాడైంది, ఆ వానను లోపలికి రానిచ్చింది ఓడిపోయిన పక్షాన నిలబడడం.

కారిక్‌ఫెర్గస్ పేరు వచ్చింది గనుక ఒక చిన్న పక్కదారి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ మన విశాఖలోని ఇంగ్లీషు కంపెనీ స్థావరాన్ని పట్టుకున్న సంగతి అందరికీ తెలిసినదే. అదే సప్తవర్ష సంగ్రామంలో, 1760 ఫిబ్రవరిలో తురో అనే ఫ్రెంచి నావికుడు మూడు ఓడలతో కారిక్‌ఫెర్గస్‌లో దిగాడు. లోపలివాళ్లకు మందుగుండు అయిపోవడంతో కోట లొంగింది. కొద్ది రోజులలోనే అతడు వెనుదిరిగి, దారిలో సముద్రంమీదే జరిగిన పోరాటంలో చనిపోయాడు. ఒకే యుద్ధం, ఒకే ఫ్రెంచి జెండా, అక్కడి రేవులోనూ మన రేవులోనూ కొద్దికాలం ఎగిరి దిగింది.

గాజువాక నుంచి బెల్‌ఫాస్ట్‌కు:

పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నాలుగేళ్లుగా బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాను. ఊరి నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా డన్‌లూస్ చూపించడం నా బాధ్యత అయిపోయింది కనుక ఏడెనిమిది సార్లు వెళ్లాను.

మాష్టారుగారు చెప్పిన పట్నాన్ని ఎక్కువమంది చూడకుండానే వచ్చేస్తారు. టికెట్ తీసుకుని నేరుగా వంతెన దాటేస్తారు. పక్కన పచ్చిక బయలులా కనిపించే నేల కిందే ఆ పట్నం ఉంది. 2011 ప్రాంతంలో తవ్వితే గుండ్రాళ్లు పరిచిన వీధీ ఇళ్ల పునాదులూ బయటపడ్డాయి. ఇంటిలోపలే మరుగుదొడ్డి ఉన్న ఇల్లు కూడా దొరికిందంటే ఆ కాలానికి ఎంత ముందుచూపో ఆలోచించండి. మళ్లీ ఆ పట్నం కోలుకోకపోవడానికి నిప్పు ఒక్కటే కారణం కాదని అక్కడి బోర్డుల మీద చదివాను. ఓడలు నిలిచే రేవు దానికి లేదు. సముద్రం పక్కనే ఉండి రేవు లేకపోవడం ఎంత లోటో విశాఖవాసులకు వేరే చెప్పాలా? మన దగ్గర కూడా పాత ఓడలు రెండు ముంచి, అడ్డుకట్ట వేసి, 1933లో హార్బరు తెరిచాకే కదా ఊరు నగరమైంది.

అయితే నేను రాయడానికి అసలు కారణం వంటశాల. అందరూ ఉత్తర గోడ గురించి చెప్పారు గాని వంటశాల ఎక్కడ ఉందో ఎవరూ చెప్పలేదు. అది మానర్ హౌస్ పక్కనే ఇప్పటికీ ఉంది. నిప్పుగూడూ, రొట్టెలు కాల్చే పొయ్యీ, లోపలికి వెళ్లే గుమ్మాలూ స్పష్టంగా కనిపిస్తాయి. తూర్పు, పడమర, దక్షిణపు గోడలు నిలబడి, ఉత్తరం వైపు మాత్రం నేరుగా ఆకాశమూ సముద్రమూ కనబడే గది నివాస భవనానిది. డ్రైవర్లు ఆ ఖాళీని చూపించి వంటశాల కథ చెబుతారు, చుట్టాలు అటే చూస్తారు, అసలు వంటశాల వాళ్ల వెనకాల ఉంటుంది. మా పిన్నిగారు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అలాగే చెప్పాను. తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

సాగర్‌నగర్ ఇంజనీరు:

అమ్మా, మీ జవాబు చదివిన వెంటనే ఫోనులో పాత ఫోటోలు వెతికించాను. మా ఆవిడ నిలబడి తీయించుకున్న రాతి పొయ్యి వెనక పక్కన మానర్ హౌస్ గోడ కనిపిస్తోంది. మసి గుర్తులు కూడా ఉన్నట్లున్నాయి గాని అది నాచు కావచ్చు, ఫోటో చూసి చెప్పలేను. నేను ఆ పక్కనే ఎక్కడో నిలబడి, పడిపోయిన వంటశాల ఎక్కడిదా అని కొండ కిందికి తొంగిచూస్తున్నాను. ఫోటో అంచున నా చొక్కా చేయి పడింది.

ఆవిడకు చూపించి సంగతి చెప్పాను. “ఆ మాత్రం నాకు అప్పుడే తెలుసు, పొయ్యి ఉన్నది వంటింట్లో కాక ఇంకెక్కడ ఉంటుంది?” అని కాఫీ పెట్టడానికి వెళ్లింది.